ఫిబ్రవరిలో చూసిన ఇల్లు

మా ఆయన ఉద్యోగం ప్లేనో నుంచి అరిజోనాలోని చాండ్లర్‌కి మారింది జనవరిలో. ఎడారికి వెళ్తున్నామని అందరూ భయపెట్టారు. తీరా దిగేసరికి వీధి చెట్ల నిండా నారింజ పళ్లు, పల్చటి స్వెటర్లు వేసుకుని కుక్కలతో నడిచే ముసలివాళ్లు. ఎడారంటే ఇదా అనుకున్నాను.

అపార్ట్‌మెంట్‌లో సర్దుకోగానే ఇళ్లు చూడటం మొదలుపెట్టాం. మా ఆయనది ఒకటే షరతు, ఇల్లు తూర్పు ముఖంగా ఉండాలి. నాదీ ఒకటే, వెనక కూర్చోవడానికి ఇంత వసారా ఉండాలి. ఇళ్లు చూపించే ఏజెంట్ మన తెలుగాయనే. ఆయనకు వారమంతా ఆఫీసు ఉద్యోగం, శని ఆదివారాలు ఈ పని. మొదటి రోజే చెప్పాడు.

"ఇక్కడ సీజన్ రివర్స్ అండీ. మంచు పడే రాష్ట్రాల వాళ్లంతా చలికాలం ఇక్కడే ఉంటారు. ఈ ఎండ చూసి ముచ్చటపడి ఇళ్లు కొనేస్తారు. సమ్మర్‌లో అయితే ఒక్కరూ కనపడరు."

"అయితే సమ్మర్ దాకా ఆగితే మేలా?"

"మేలే. కానీ సమ్మర్‌లో మిగిలిన ఇల్లు ఎందుకు మిగిలిందో కూడా చూసుకోవాలి కదండీ."

ఇప్పుడు కొనాలో ఆగాలో తేలలేదు. మళ్లీ అడిగితే నవ్వి, "అది మీ ఇష్టం" అన్నాడు.

ఫిబ్రవరిలో ఆ ఇల్లు చూశాం. కొనేవాళ్లు వచ్చినప్పుడు అమ్మేవాళ్లు ఇంట్లో ఉండకపోవడం ఇక్కడి ఆనవాయితీ. ఆ ఇంటావిడ అది పట్టించుకోలేదు. ఎనభైకి దగ్గరగా ఉన్న అమెరికన్ ఆవిడ, భర్త పోయాక ఒంటరిగా ఉంటోంది. ఒరెగాన్‌లో సముద్రం దగ్గరున్న కూతురి దగ్గరికి వెళ్లిపోతానంది. మా పాపకు పెరట్లో నారింజ కోసి ఇచ్చింది. ఇల్లు తూర్పు ముఖం కాబట్టి వసారా పడమటి వైపు ఉంది. సాయంత్రపు ఎండ ఏటవాలుగా వచ్చి పాదాల మీద పడుతోంది. అక్కడి కుర్చీలో కూర్చున్నాక నాకు లేవబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రమే ఆఫర్ పెట్టాం. మంచు రాష్ట్రం మిన్నెసోటా నుంచి వచ్చిన జంట మాకంటే ఎక్కువ పెట్టారు. ఇల్లు వాళ్లకు ఖాయమైంది. ముక్కూ మొహం తెలియని ఆ జంట మీద నాకు చాలా రోజులు కోపం పోలేదు.

తర్వాత ఎండాకాలం వచ్చింది. ప్లేనోలో ఎండలు చూసినదాన్నే, కానీ ఇది వేరు. స్టీరింగ్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. చన్నీళ్ల కుళాయి తిప్పినా వేడినీళ్లే వచ్చేవి. కుక్కలతో నడిచే ముసలివాళ్లు ఎప్పుడు మాయమయ్యారో గమనించనే లేదు. పార్కులో ఉయ్యాలలు ఒంటరిగా కాలుతుండేవి.

జూలైలో ఏజెంట్ ఫోన్ చేశాడు. "ఆ ఇల్లు మళ్లీ మార్కెట్‌లోకొచ్చిందండీ!"

మిన్నెసోటా జంట తమ ఇల్లు అమ్ముడుపోతేనే ఇది కొంటామని ఒప్పందం రాసుకున్నారట. అక్కడ ఆ ఏడు మంచు ఎంతకూ కరగలేదట. మంచులో ఇల్లు చూడటానికి ఎవరూ రాక, గడువు దాటి బేరం చెడింది. ఈవిడ తేరుకుని మళ్లీ అమ్మకానికి పెట్టేసరికి చలికాలపు జనం వెళ్లిపోయారు. ఎక్కడో మంచు కరగకపోతే ఇక్కడ ఎడారిలో ఇల్లు మిగిలిపోవడమేమిటో, ఫోన్ పెట్టేశాక కూడా నాకు సరిగా బుర్రకెక్కలేదు.

ఒక సాయంత్రం వెళ్లాం. గుమ్మంలోనే మా పాప ఆగిపోయింది. "అమ్మా, ఇది ఆ హౌస్ కాదు."

నాకూ అలాగే అనిపించింది. గడ్డి ఎండుగడ్డి అయిపోయింది. నారింజ చెట్టు ఎండకు కమిలిపోకుండా మొదలుకు తెల్లరంగు పూశారు. పడమటి కిటికీలకు లోపలి నుంచి వెండి రేకు అంటించి ఉంది. వసారా తలుపు తీయగానే పొయ్యి మూత తీసినట్టు వేడి మొహానికి కొట్టింది.

ఏజెంట్ మెల్లగా అన్నాడు, "తూర్పు ముఖం అడిగేది మనవాళ్లే అండీ. ఇక్కడివాళ్లు ఉత్తరం, దక్షిణం చూసుకుంటారు. తూర్పు ముఖమైతే వెనక భాగమంతా పడమటెండకు దొరికిపోతుంది."

"మరి ఫిబ్రవరిలో చెప్పలేదేం?"

"ఫిబ్రవరిలో చెప్తే మీరు వినేవారా అండీ?"

మా ఆయనది కరీంనగర్ వైపు. నన్ను పక్కకు పిలిచి, "ఎవ్వలూ పోటీ లేరు, ఇదే మోకా. ఎండాకాలం బయట ఎవలన్న కూసుంటరా?" అన్నాడు.

కూర్చోవడానికే కదా ఈ ఇల్లు కావాలనుకున్నది! ఆ మాట పైకి అనేలోపే అందరి ఫోన్లూ ఒక్కసారిగా మోగాయి. దుమ్ము తుఫాను హెచ్చరిక.

"ఇప్పుడు కారు తీయకండి" అంది ఇంటావిడ. మమ్మల్ని హాల్లో కూర్చోబెట్టి చల్లటి టీ ఇచ్చింది. కిటికీలోంచి చూస్తుండగానే ఆకాశమంత గోధుమరంగు గోడ ఇళ్ల మీదుగా నడిచొచ్చింది. పొద్దుండగానే చీకటి పడింది. పాప నా ఒళ్లో ముడుచుకుంది. దుమ్ము వెనకే వాన అందుకుంది.

అప్పుడు ఆవిడ లేచి, వంటింట్లోంచి పెద్ద గిన్నె తెచ్చి నడవాలో కార్పెట్ మీద పెట్టి, వచ్చి మళ్లీ కూర్చుంది. ఎందుకు పెట్టిందో మాకు తెలియలేదు. కాసేపటికి 'టప్' మని చప్పుడైంది. మళ్లీ ఇంకోటి. ఇల్లు కురుస్తోంది.

మా ఆయన నా వంక చూశాడు. నేనే అడిగాను, "మీకు ముందే తెలుసా?"

"తెలుసు" అంది నింపాదిగా. "చలికాలంలో వచ్చినవాళ్లు వాన గురించి అడగరు. మీరు కూడా నారింజల గురించే అడిగారు." మళ్లీ తనే అంది, "ప్రతి జూలైలో నేనూ ఆయనా ఈ ఇల్లు అమ్మేద్దామనుకునేవాళ్లం. నవంబర్ వచ్చేసరికి ఎందుకు అమ్మాలనుకున్నామో గుర్తొచ్చేది కాదు. అలాగే ముప్పై ఏళ్లు దాటిపోయాయి."

వాన వెలిశాక బయటపడ్డాం. కార్లో మా ఆయన, "ముసలామె మనకాడ దాచింది" అన్నాడు.

"దాచాలనుకుంటే మన ముందే గిన్నె పెడుతుందా?"

"కార్పెట్ ఖరాబ్ అయితదని పెట్టింది."

అదీ నిజమేనేమో. దాచిందా, చూపించిందా? ఎటు తిప్పినా రెండూ సరిపోయేలా ఉన్నాయి. రోజూ ఎండిపోయి ఉండే వాగు ఎర్రటి నీళ్లతో పొంగి రోడ్డెక్కింది. దాని ముందు కార్లన్నీ ఆగిపోయాయి. అద్దం దించితే తడిసిన ఎడారి పొదల వాసన కార్లో నిండింది. అలాంటి వాసన నేనెప్పుడూ ఎరగను. ఆ క్షణాన ఇల్లు కావాలనిపించింది. ఇల్లు కావాలనిపించిందో, ఆ వాసన కావాలనిపించిందో మాత్రం చెప్పలేను.

పైకప్పు బాగుచేయించి ఇస్తే తీసుకుంటామన్నాం. ఆవిడ ఒక్క మాటకు ఒప్పుకుంది. పనివాళ్లు వచ్చి పెంకులు లేపి కొత్త పొరలు వేశారు. పాప బడి తెరిచిన కొద్ది రోజులకే సామాను తెచ్చుకున్నాం. ఆవిడ ఒరెగాన్ వెళ్లిపోయింది.

చలికాలం రాగానే నేను అనుకున్నట్టే వసారాలో కూర్చున్నాను. బాగుంది. ఎంత బాగుందంటే, ఏదో పొరపాటు చేశామన్న అనుమానం కూడా అక్కడే కూర్చుని మర్చిపోయేదాన్ని. మార్చిలో ఎండ చురుక్కుమనగానే మళ్లీ గుర్తొచ్చింది. మా ఆయన మాత్రం మంచి పని చేశామని ఒకసారి, ఇంకో ఏడాది ఆగాల్సిందని ఇంకోసారి అనేవాడు.

రెండో చలికాలంలో ఒక రోజు మా ఇంటికి రెండిళ్ల అవతల అమ్మకం బోర్డు పెట్టారు. చూడటానికి వచ్చిన కార్లలో ఒకదాంట్లోంచి మాకు ఇల్లు అమ్మిన ఆవిడ దిగింది, కూతురి చెయ్యి పట్టుకుని. నేను గబగబా వెళ్లాను.

"మా ఇల్లు చూడటానికొచ్చారా?"

"లేదు, ఆ ఇల్లు" అని చూపించింది. "ఒరెగాన్‌లో ఒకటే వాన. నా మోకాళ్లు ఒప్పుకోలేదు."

"మరి జూలై?" అన్నాను.

నవ్వింది. కూతురు వెనక నుంచి నా వంక చూసి భుజాలెగరేసింది. ఆవిడ ఆ ఇల్లు కొనేసింది కూడా. అది ఉత్తర ముఖం ఇల్లు. ఎండలు ముదరగానే తాళం వేసి కూతురి దగ్గరికి వెళ్తుంది, చల్లబడగానే తిరిగొస్తుంది. ఆవిడ లేనప్పుడు కుండీలకు నేనే నీళ్లు పోస్తాను.

మొన్న వెళ్లేముందు, "మీకు ఇల్లు నచ్చిందా?" అని అడిగింది.

"ఇంకా చూస్తున్నామండీ" అన్నాను. ఆవిడకు ఆ జవాబులో వింతేమీ కనిపించలేదు. తలూపి కారెక్కింది.