నిజం ఉచితం, బడాయికి రేటు

సింధనూరులో వెబ్‌సైట్లు తయారుచేసే వాదిరాజ్‌కు ఒక వింత అలవాటు ఉంది. నిజం రాయమంటే పైసా తీసుకోడు, బడాయికి మాత్రం రేటు కడతాడు. దుకాణం ఎక్కడుంది, ఎన్నింటికి తీస్తారు, సరుకు ధర ఎంత అన్నవి ఎన్ని రాయించుకున్నా ఆరు వేల తయారీ ఖర్చులోనే వచ్చేస్తాయి. "అత్యాధునిక" అని రాయమంటే ఐదొందలు. "నంబర్ వన్" కావాలంటే మూడు వేలు. అదీ ఏటేటా మళ్లీ కట్టాలి.

మిఠాయి దుకాణం మహదేవప్ప ఒకసారి "ప్రపంచ ప్రసిద్ధి" అని పెట్టమన్నాడు. "దేశానికింత అని లెక్క కట్టాల్నా, గుత్తకు తీసుకుంటరా?" అని అడిగాడు వాదిరాజ్. మహదేవప్ప ప్రపంచం నుంచి కర్ణాటకకు దిగాడు, కర్ణాటక నుంచి సింధనూరుకు దిగాడు, చివరికి బస్టాండు దగ్గర ఆగాడు. "బస్టాండు దాకా అయితే ఫ్రీ. అది నిజమే గద!" అన్నాడు వాదిరాజ్.

ఈ సంగతేమీ తెలియకుండానే ఒక ఆషాఢంలో పక్క ఊరు తుర్విహాళ నుంచి వచ్చిన నాగేంద్రబాబు, టైర్ల షాపు మీదున్న వాదిరాజ్ ఆఫీసు మెట్లెక్కాడు. ఆయనకు నాలుగు వరికోత మిషన్లున్నాయి. రెండు ఆ ఏడే బ్యాంకు లోనుతో కొన్నవి. కార్తీకంలో కోతలు మొదలై బయటి జిల్లాల మిషన్లు దిగేలోపు బుకింగులు పట్టకపోతే వాయిదాలు కట్టడం కష్టం. కష్టంలో ఉన్నా కాలు మీద కాలేసుకుని కూర్చోవడం నాగేంద్రబాబు పద్ధతి.

"రాసుకోండి," అన్నాడు. "దక్షిణ భారతదేశంలోనే నంబర్ వన్, అత్యాధునిక, విశ్వసనీయ కోత మిషన్ల సంస్థ."

వాదిరాజ్ వేళ్లు మడిచాడు. "నంబర్ వన్ మూడు వేలు. అత్యాధునిక ఐదొందలు. విశ్వసనీయ నాల్గొందలు. దక్షిణ భారతం అంటిరి గద సార్, రాష్ట్రానికి వెయ్యి. ఐదు రాష్ట్రాలు. మొత్తం ఎనిమిది వేల తొమ్మిదొందలు."

"ఏంటండీ ఇది! మాటలక్కూడా డబ్బులా?"

"మాటలకు కాదు సార్, బడాయికి. గంటకు బాడుగ ఎంతనో చెప్పుండ్రి, అది ఫ్రీగ పెడత."

"బాడుగ పెడితే పక్కోడు చూసి వంద తగ్గిస్తాడండీ!"

"రైతు గూడ చూస్తడు గద సార్."

"సరే, గూగుల్లో మొదటి పేజీలో వస్తుందని గ్యారంటీ ఇస్తారా?"

"ఇయ్య. గూగుల్ మా మామది కాదు. నెలనెలా పైకం గూడ అడగ. రైతులు దేని కోసం వెతుకుతరో చూసి జవాబులు రాస్త. ఎన్ని గంటలు జేస్తె గన్ని గంటలకే. గంటకు నాల్గొందలు."

నాగేంద్రబాబుకు ఒళ్లు మండింది. మెట్లు దిగి, కారెక్కి, దారిలోనే ఒక పెద్ద నగరం కంపెనీకి ఫోన్ కొట్టాడు. వాళ్లు నెలకు పదిహేను వేలన్నారు. మొదటి పేజీ గ్యారంటీ అన్నారు. బడాయిలు ఎన్నైనా ఉచితం అన్నారు. నాగేంద్రబాబు మనసు కుదుటపడింది.

మూడు నెలలు, నలభై ఐదు వేలు అయ్యాక ఒకరోజు ఆయన భార్య కుసుమకుమారిని పిలిచి ఫోన్ చూపించాడు. "నాగేంద్రబాబు నంబర్ వన్ కోత మిషన్లు తుర్విహాళ" అని కొడితే మొట్టమొదట వాళ్ల పేరే వచ్చింది.

"చూశావా? గ్యారంటీ అంటే గ్యారంటీయే!"

"ఏమండీ, మీ పేరూ ఊరూ తెలిసినవాడు మీకు ఫోనే చేస్తాడు కదా! తెలియనివాడు రావాలనేగా మనం కట్టింది?" అంటూ ఆవిడ ఫోన్ లాక్కుని "కోత మిషన్ బాడుగ సింధనూరు" అని కొట్టింది. మొదటి పేజీలో లేదు. రెండో పేజీలో లేదు. ఏడో పేజీ దగ్గర ఆవిడ బొటనవేలు నొప్పి పుట్టింది.

మర్నాడు పొద్దున్నే నాగేంద్రబాబు మళ్లీ టైర్ల షాపు మెట్లెక్కాడు. ఈసారి కాళ్లు రెండూ నేలమీదే పెట్టి కూర్చున్నాడు. వాదిరాజ్ ఒక్క దెప్పుడు మాట అనలేదు. "చాయ్ తాగుతరా సార్?" అన్నాడంతే.

రెండు రోజులు తుర్విహాళలోనే కూర్చుని, వచ్చే ప్రతి ఫోనూ విన్నాడు వాదిరాజ్. తడి మాగాణిలో చైన్ మిషన్ దిగుతుందా? ఎకరానికెంత సేపు? గడ్డి పశువులకు పనికొస్తుందా? అన్నింటికీ తెలుగులో, కన్నడంలో జవాబులు రాశాడు. గంట బాడుగ పెద్దక్షరాల్లో పెట్టాడు. మ్యాపులో మిషన్ల షెడ్డుకు గుర్తు పెట్టించాడు. మొత్తం పంతొమ్మిది గంటల పని అయింది.

అంతా అయ్యాక నాగేంద్రబాబు నసిగాడు. "ఆ నంబర్ వన్ ఒక్కటీ... రెండు వేలకివ్వరాదూ?"

"రెండు వేలకు నంబర్ టూ వస్తది సార్."

మూడు వేలూ కట్టాడు.

కార్తీకానికి ఫోన్లు మొదలయ్యాయి. బాళగనూరు నుంచి ఒకాయన "తడిలో దిగుతుందని రాశారు, నిజమేనాండీ?" అన్నాడు. ఇంకొకాయన బాడుగ చూసి చేశానన్నాడు. నాలుగు మిషన్లకూ తీరికే లేకపోయింది. నంబర్ వన్ అని చూసి వచ్చినవాడు మాత్రం ఒక్కడూ లేడు. అయినా మరుసటేడు నాగేంద్రబాబు గొణుక్కుంటూనే మళ్లీ మూడు వేలు కట్టాడు. "ఆ వాదిరాజ్ మనవాళ్ల బడాయి మీద మేడ కట్టేస్తాడు," అని కనబడ్డవాళ్లందరితో అన్నాడు.

ఆ వేసవిలో మిషన్ బెల్టు కోసం రాయచూరు వెళ్లాడు. మధ్యాహ్నం ఆకలేసి "జొన్నరొట్టెలు" అని ఫోన్లో వెతికాడు. అన్నిటికన్నా పైన ఒక పేజీ వచ్చింది. "కరియమ్మ రొట్టెలు. పదకొండు నుంచి మూడు దాకా. సోమవారం లేవు. మూడు మెట్లున్నాయి, పెద్దవాళ్లు చూసుకుని ఎక్కాలి." ఒక్క బడాయి లేదు. ఇది ఎవరి చేతి పనో నాగేంద్రబాబుకు తెలిసిపోయింది.

నాలుగు రొట్టెలు, గోంగూరతో వండిన పుండికూర తిన్నాక, పెనం ముందున్న కరియమ్మను అడిగాడు. "ఫోన్లో మీ పేజీ ఉందే, దానికెంత తీసుకున్నాడమ్మా?"

"నా తాన ఏడున్నయి పైసలు అయ్యా? ఒక్క రూపాయి తీసుకోలే. ఏటేటా ఇంటర్నెట్ల ఆ పేజీ పేరుకు కట్టేది గూడ ఆయనే కడతడు. బడాయిగాళ్లు ఇచ్చిన పైకం అంట. నా అసొంటి ఇరవై మంది ఆడోళ్లకు గిట్లనే చేసిండు." రొట్టె తిప్పి మళ్లీ అంది. "తుర్విహాళల ఒక నంబర్ వన్ సార్ ఉన్నడంట. ఆయన పైసలతోనే నాది నడుస్తున్నదంట. సల్లగుండాలె."

నాగేంద్రబాబుకు పొలమారింది. నీళ్లు తాగాడు. ఆ సార్ నేనేనని చెప్పడానికి నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. జీవితంలో ఆయన మింగిన మొదటి బడాయి అదే. రొట్టెలకు డబ్బిచ్చి, కారులో కూర్చుని ఫోన్ చేశాడు.

"వాదిరాజ్ గారూ, నా పేజీలో ఇంకో బడాయి చేర్చండి."

"ఏంది సార్ అది?"

"ఏదో ఒకటి మీరే అనుకోండి. డబ్బు పంపిస్తున్నాను."

"గట్ల కుదరది సార్. పెట్టని బడాయికి పైకం తీసుకోను."

నాగేంద్రబాబు ఆలోచనలో పడి కారు అద్దంలోకి చూశాడు. బట్టతల, మీసానికి అంటిన పుండికూర కనిపించాయి.

"అయితే రాసుకోండి. యజమాని మంచి అందగాడు."

అవతల లెక్క కడుతున్న గొణుగుడు వినిపించింది.

"సార్," అన్నాడు వాదిరాజ్ మెల్లగా, "దీనికి వాయిదాల మీద కడతరా?"