తీసేసిన నలభై ఒక్క సెకన్లు

రేడియో స్టేషన్లో ఆయన్ని అందరూ కత్తెర మామయ్య అనేవారు. నిజానికి ఆయన చేతిలో ఉండేది కత్తెర కాదు, గడ్డం గీసుకునే బ్లేడు. ఇరవై ఎనిమిదేళ్లు ఆ బ్లేడుతోనే పెద్దమనుషుల మాటలు టేపు మీద కోసి, అతికించి, ఊరికి వినిపించాడు. ఆదివారం ముఖాముఖి కోసం మంత్రులు, లాయర్లు, నాటకాలవాళ్లు, సంఘసేవకులు వచ్చి గంటసేపు మాట్లాడేవారు. ప్రసారమయ్యేది అరగంట. మిగతా అరగంట ఆయన బల్ల కింద బుట్టలో పడేది.

ఒక మంత్రిగారు ఆ గంటలో నూట పన్నెండుసార్లు ‘అంటే’ అన్నారు. మామయ్య బియ్యంలో రాళ్లు ఏరినట్టు అన్నీ ఏరేశాడు. ప్రసారం విన్నాక మంత్రిగారు ఫోన్ చేసి, “నేనింత బాగా మాట్లాడతానని నాకే తెలీదయ్యా!” అని మురిసిపోయారు. మామయ్య ఆ సంగతి కనపడ్డ ప్రతివాడికీ చెప్పుకునేవాడు. పనితనం ఉన్నవాడికి ఆ మాత్రం గీర ఉంటుంది లెండి.

స్టేషన్లో ఒక కట్టుబాటు ఉండేది. మూడు సెకన్లకు మించి నిశ్శబ్దం ప్రసారం కాకూడదు. అలా అయితే వినేవాళ్లు రేడియో చెడిపోయిందనుకుని దాని నెత్తిన ఒకటి మొట్టి, వేరే స్టేషన్ పెట్టుకుంటారట. ఈ అలవాటు మామయ్యతో పాటు ఇంటికీ వచ్చేసింది. భార్య ఒక మాట మొదలుపెట్టి ఊపిరి తీసుకునేలోపు మిగతాది ఆయనే పూర్తి చేసేసేవాడు. “నా మాట నన్ను అననిస్తారా, లేదా?” అని ఆవిడ విసుక్కునేది. చెవులతో బతికే మనిషికి అదొక్కటే వినపడేది కాదు.

ఒకసారి రిటైరైన జడ్జిగారొకరు వచ్చారు. ప్రశ్నలడిగే మేడమ్ చట్టం గురించి, సమాజం గురించి అడిగి అడిగి చివరికి అసలు సంగతికి వచ్చింది. ఆయన యావజ్జీవ శిక్ష వేసిన ఒక లారీ డ్రైవరు జైల్లోనే పోయాడు. ఆ తర్వాత రెండేళ్లకు అసలు హంతకుడు దొరికాడు.

“ఆ తీర్పు గుర్తొస్తే మీకేమనిపిస్తుందండీ?”

జడ్జిగారు వెంటనే మాట్లాడలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టిన చప్పుడు, కుర్చీ కిర్రుమనడం, మధ్యలో తెగిపోయిన ఊపిరి ఒకటి, అన్నీ టేపు మీదికెక్కాయి. ఆ తర్వాత, “సాక్ష్యం ఏం చెప్తే అదే రాశానమ్మా,” అన్నారు. మామయ్య గడియారం పెట్టి కొలిచాడు. మధ్యలో ఖాళీ నలభై ఒక్క సెకన్లు.

బ్లేడు పట్టుకుని ఆయన కాసేపు ఆగిన మాట నిజం. మేడమ్‌ను పిలిచి వినిపిద్దామా అనుకున్నాడు. ఆవిడ పక్క గదిలోనే ఉంది, పిలిస్తే పలికేది. కానీ ఇన్నేళ్లలో ఎవరినీ అడగకుండా చేసిన పనికి ఇప్పుడు అడగడమేమిటని నామోషీ అనిపించింది. ఎనిమిది గజాల టేపు బుట్టలో పడింది.

ఆదివారం ఊరంతా విన్నది వేరు. ప్రశ్న, వెంటనే టక్కున జవాబు. రాతిగుండె మనిషని పేపర్లకు ఉత్తరాలు వచ్చాయి. జడ్జిగారు ఒక్కదానికీ బదులివ్వలేదు. “పెద్దవాళ్ల గొడవలు మనకెందుకు,” అన్నాడు మామయ్య భార్యతో, ఆవిడ ఏమీ అడగకుండానే.

తొమ్మిదేళ్లు గడిచాయి. మామయ్య రిటైరై ఇంట్లో కూర్చున్నాడు. ఒక మధ్యాహ్నం జడ్జిగారి కూతురు ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

“నాన్న పోయి నెలయిందండీ. ఆ ప్రోగ్రాం విన్న రోజు నుంచి నేనాయనతో మాట్లాడలేదు. స్టేషన్లో అడిగితే పాత టేపులు లేవన్నారు. కోసింది మీరేనని చెప్పారు. అన్నం తిన్నావా అంటే కూడా ఆలోచించి చెప్పే మనిషండీ మా నాన్న. అంత టక్కున ఎలా చెప్పారు? ఈ అనుమానం నాకు అప్పుడే రావాల్సింది.”

తొమ్మిదేళ్లుగా దాచుకున్న తప్పు వచ్చి ఎదురుగా కుర్చీలో కూర్చుంది.

“ఆగారమ్మా. నలభై ఒక్క సెకన్లు ఆగారు. నేనే తీసేశాను.”

కళ్లజోడు సంగతి, ఊపిరి సంగతి చెప్పాడు. మౌనం అర్ధాంగీకారమంటారు. ఆ పెద్దాయన ఒప్పుకున్నదంతా ఆ ఎనిమిది గజాల్లోనే ఉంది.

“అప్పుడే ఒక్క ముక్క చెప్పి ఉంటే...” అందామె.

“చెప్పాల్సిందమ్మా. నా తప్పే.”

ఆమె గోడగడియారం వైపు చూసింది. “నలభై ఒక్క సెకన్లంటే ఎంతసేపుంటుందండీ? ఒకసారి చూస్తాను.”

సెకన్ల ముల్లు పన్నెండు మీదికి రాగానే ఇద్దరూ మాట ఆపేశారు. పది దాటింది. పదిహేను దాటింది. ఆమె కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. మామయ్యకు ఊపిరాడలేదు.

“మంచినీళ్లు తాగుతారా అమ్మా?” అనేశాడు.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య నుదురు కొట్టుకుంది.

జడ్జిగారి కూతురు కోప్పడలేదు. కళ్లు తుడుచుకుని, “మళ్లీ మొదటి నుంచి చూద్దామండీ,” అంది.

ఈసారి ఆయన అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని చివరిదాకా కూర్చున్నాడు.