మధ్యాహ్నం పడని గీత

కొత్తగా స్మార్ట్‌ఫోన్ కొన్న రోజులు. కళింగపట్నం బీచ్‌లో నేనెక్కడున్నానో నీలం చుక్క చూపిస్తుంటే, అదేదో నా ప్రతిభ అన్నట్టు పక్కనున్న ముసలాయనకు చూపించాను. ఓడల్లో పనిచేసి రిటైరైన మనిషి. అరిటాకులో అన్నం ముద్దలు పెట్టుకుని కూర్చున్నాడు.

“మా తమ్ముడికి ఇది నేదు బాబూ,” అన్నాడు.

తమ్ముడిదీ ఓడ ఉద్యోగమే. తుఫానులో దారి తప్పినప్పుడు, పొద్దున్నే మబ్బు కాస్త విడగానే సూర్యుడి ఎత్తు కొలిచి వైర్‌లెస్‌లో కబురు పంపాడట.

“సూర్రుడెటుంటే దానికడ్డంగా మ్యాపు మీద గీత పడతాది. పొద్దున్న తూరుపునుంటే గీత ఉత్తర దక్షిణాలు. ఓడ దాని మీదే ఎక్కడో ఉంటాది. మజ్జాన్నం సూర్రుడు దక్షిణానికెళ్తే ఇంకో గీత అడ్డంగా పడతాది. రెండూ కలిసిన సోటే ఓడ.”

“మరి మధ్యాహ్నం?”

“మబ్బేసీసినాది.”

ఓడ దొరకలేదు. అందుకే ఏటా తద్దినం నాడు ముద్దలు ఒకేచోట వదలడట; ఆ గీతకెదురుగా ఒడ్డు వెంబడి ఏడాదికో చోట. నిరుడు భోగాపురం, ఈ ఏడు ఇక్కడ.

“వచ్చే ఏడు?”

“ఇంకా పైకెళ్తాను. గీత పొడుగ్గా ఉన్నాది కదా బాబూ.”

ఆకు పట్టుకుని నీళ్లలోకి దిగాడు. పడిపోకుండా ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. అంతకుమించి నేనుగానీ నా ఫోనుగానీ చేయగలిగిందేమీ లేదు.