తుపాకి ఊపిరి

నిన్న షార్జాలో, మా అల్ నహ్దా ఫ్లాటులో వంటింటి తూము పూడుకుపోయింది. ప్లంబరుకి ఫోన్ చేస్తే పెద్ద వయసు పాకిస్తానీ ఒకాయన వచ్చాడు. సింకు కింద గోడలోకి పోయే పాత గొట్టం మూతిలో వేలు పెట్టి తిప్పి చూసి, సంచీలోంచి లావుపాటి కడ్డీ ఒకటి తీసి దూర్చాడు. జానెడు పోయి ఇరుక్కుంది. టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ నా నోట్లోంచి, ఎవరూ అడక్కుండానే, "మూతి దగ్గర కొలవకూడదు భాయ్, లోపల కొలవాలి" అని వచ్చేసింది. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. తప్పులేదు, చేసేవాడికంటే చూసేవాడికి పనెక్కువ తెలుసంటే ఎవరికైనా మండుతుంది. కానీ ఆ మాట నాది కాదు, మా బావది.

బావంటే మా పెద్దక్క మొగుడు. నన్ను గోదావరి అవతల నుంచి ఈ దేశం తీసుకొచ్చి లేతు మిషను ముందు నిలబెట్టింది ఆయనే. షార్జాలో మా షాపులో పాత వస్తువులు బాగుచేసేవాళ్ళం. ఇత్తడి కాఫీ కూజాలు, కత్తుల ఒరలు, చెక్క పెట్టెలు, వాటన్నిటికంటే ఎక్కువగా మూతిలోంచి మందు దట్టించే పాతకాలం తుపాకులు. మన వైపు నాటు తుపాకి అంటారే, దానికి పొడుగాటి అన్నగారన్నమాట. పేల్చే మాట లేదు. నిప్పు రాజేసే మర ఊడదీసి, కాగితాలన్నీ సరిచూశాకే మా బల్ల మీదకి వచ్చేవి. కొన్ని గోడలకెక్కేవి, కొన్నిటిని అరబ్బుల పెళ్ళిళ్ళలో మగవాళ్ళు వరస కట్టి ఆడుతూ గాల్లో తిప్పేవాళ్ళు. గొట్టం తుప్పుపట్టి పోయినదానికి షాపు వెనక పోగులోంచి ఇంకో పాత గొట్టం ఏరి అమర్చేవాళ్ళం. చెక్కలో కూర్చుంటే చాలదా అని నేను. బావ ఒప్పుకునేవాడు కాదు. తుపాకి కింద దోపి ఉండే దట్టింపు కడ్డీ ఆయనకి ముఖ్యం. "గొట్టం పోయినా కడ్డీ మిగులుద్ది. కడ్డీకి గొట్టాన్ని వెతకాలిరా, గొట్టానికి కడ్డీని కాదు" అనేవాడు. గోడకి వేలాడేదానికి లోపల ఎంత సందుంటే ఎవడిక్కావాలి బావా అంటే, "కట్టుడుపళ్ళు నవ్వడానికేనా, నమలద్దా?" అని నా మీద లేచేవాడు. ఉత్త నోరే, మనిషి వెన్న. మధ్యాహ్నం పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ తిని, ఆ వాసనతోనే నా మొహంలో మొహం పెట్టి పాఠం చెప్పేవాడు.

ఆ పాఠంలో పెద్దది ఊపిరి. లోపలి కొలత సరిపడ్డ గొట్టంలో కడ్డీ వదిలితే దబ్బున పడదు. దాని చివరి ఇత్తడి బొడిపె కింద చిక్కిన గాలి, వెనక నిప్పంటించే సన్నటి బెజ్జంలోంచి సుయ్యిమని బయటికొస్తుంటే, నింపాదిగా దిగుతుంది. ఆ బెజ్జం దగ్గర అరచెయ్యి పెడితే తగులుతుంది. ముసలి అరబ్బులు కొందరు తుపాకి తీసుకునే ముందు అలా చెయ్యి పెట్టి చూసుకునేవాళ్ళు. దాన్ని వాళ్ళు నఫస్ అంటారు, ఊపిరి అని.

కరోనా వచ్చిన ఏడు, అంతా మూసేసి మళ్ళీ కొంచెం కొంచెం తెరుస్తున్న రోజుల్లో, ఒక ముసలాయన్ని మనవడు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆయనకి చూపు దాదాపు పోయింది. తన తండ్రి తుపాకి తెచ్చాడు, గొట్టం తుప్పుతో చీలిపోయింది, కడ్డీ మాత్రం నిగనిగలాడుతోంది. కళ్ళున్నప్పుడు గోడమీద చూసుకునేవాణ్ణి, ఇప్పుడు చేత్తోనే చూసుకోవాలి, మా నాన్న తుపాకి నాకు తెలియాలి అని వచ్చీరాని హిందీలో చెప్పాడు. బావ ఆయన చెయ్యి పట్టుకుని మాటిచ్చాడు. ఆ వారంలోనే బావకి జ్వరమొచ్చింది, అంబులెన్సు వచ్చి తీసుకెళ్ళింది.

షాపు మేనేజరు, ముదీర్ అంటాం, యల్లా యల్లా అని తొందరపెడుతున్నాడు. నేను చీలిన గొట్టం మూతి దగ్గర కొలిచి, అదే కొలత ఉన్నదాన్ని పోగులోంచి ఏరి బిగించేశాను. తుపాకి పెళ్ళికొడుకులా ఉంది. ముసలాయన వచ్చి, బెజ్జం దగ్గర చెయ్యి పెట్టి, మనవడిని కడ్డీ వదలమన్నాడు. ఠంగుమని పడింది. ఆయన చెయ్యి తియ్యకుండానే "మాఫీ నఫస్" అన్నాడు. ఊపిరి లేదు. కోప్పడలేదు. మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు.

ఆసుపత్రికి ఫోన్ చేశాను. బావ గొంతు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది. "మూతి దగ్గర కొలిచావు కదరా?" అన్నాడు. ఆగాడు. ఊపిరి కూడదీసుకున్నాడు. "ఎన్నేళ్ళో కడ్డీ రాసుకుని మూతి అరుగుద్ది. లోపల అరగదు. లోపల కొలువు." సరే బావా అన్నాను. ఇంకేమీ అడగలేదు, ఆయనా ఇంకేమీ చెప్పలేదు.

పొడుగు కాడ గేజి లోపలిదాకా దింపి కొలిచాను. ఆ కొలతకి సరైన గొట్టం పోగు అడుగున దొరికింది. దానికి ఇత్తడి పట్టీలు బిగిస్తుండగా ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. విని, ఓకే సార్ అని, మిగతా పట్టీలు కూడా బిగించాను. నాకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. చేతులకి నూనె అంటిందని గుడ్డ వెతుక్కున్నాను. మర్నాడు ముసలాయన వచ్చాడు. కడ్డీ నెమ్మదిగా, చాలా నెమ్మదిగా దిగింది. "ఫీ నఫస్" అన్నాడు, ఊపిరుందని. మాస్కు మీదుగా ఆయన కళ్ళనీళ్ళు కారుతున్నాయి. నేను చూస్తూ నిలబడ్డాను. మధ్యాహ్నం ఏం తినాలా అనుకుంటున్నాను.

అక్క అప్పుడు అబూదాబీలో ఒకరింట్లో పనిచేస్తోంది. ఒకే దేశం, కారెక్కితే చేరిపోయే దూరం, అయినా ఆ ఇంటివాళ్ళు గేటు దాటనివ్వలేదు. వచ్చినా ఆ రోజుల్లో ఆసుపత్రిలో చూడనిచ్చేవాళ్ళు కూడా కాదు. ఫోన్లో అడిగింది. "ఆఖరికి ఏమన్నాడ్రా?"

చెప్పాను. మూతి దగ్గర కొలవద్దన్నాడు, లోపల కొలవమన్నాడు.

"నా గురించేం అనలేదా?"

"లేదక్కా."

అటు గిన్నెలేవో తోముతున్న చప్పుడు. "అంతేలే, ఆయనంతే," అంది. "పిండి పులిసిపోద్ది, ఉంటాను మరి." పెట్టేసింది.

ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా, మాటల చివర, ఏమన్నాడో ఇంకోసారి చెప్పరా అంటుంది. చెబుతాను. ఇప్పుడైతే కూరగాయల ధర చెప్పినట్టు చెప్పేస్తున్నాను. ఆవిడా ఊఁ కొడుతూ వింటుంది.

నిన్న ప్లంబరు కడ్డీ లాగేసి, లోపల కొలిచి, సన్నటిది వేశాడు. నీళ్ళు గడగడ దిగిపోయాయి. ఆయన వెళ్ళాక సింకు కింద తడి తుడవడానికి కూర్చుని, ఎందుకో చాలాసేపటి దాకా లేవలేకపోయాను. ఇన్నేళ్ళూ చెప్పీ చెప్పీ ఆ మాట మూతి దగ్గరే అరిగి నునుపెక్కింది అంతే, లోపల ఇంకా అరగనేలేదు.