అడవి ఏనుగు, నా నల్లగుడ్డ

పందొమ్మిది వందల ముప్పైల చివర్లో, హైదరాబాదు శాలిబండలో నాకొక చిన్న ఫోటో దుకాణం ఉండేది. నాలుగో తరగతితో బడికి సలాం కొట్టినవాణ్ణి. అయినా మూడు దాకా తప్పు లేకుండా లెక్కపెట్టగలను. అప్పటి కెమెరాకు అంతకన్నా చదువు అక్కర్లేదు. లెన్సు మీది మూత తీసి, ఒకటి రెండు మూడు అని మళ్లీ పెట్టేయడమే. ఆ మూడు అంకెల్లో ఎవరైనా కదిలారా, ఫోటోలో మొహం పొగైపోతుంది.

ఒక పొద్దున దగ్గర్లోని దేవిడీ నుంచి, అంటే నవాబుగారి మేడ నుంచి, మావటి వచ్చాడు. గడ్డం నెరిసిన మనిషి. అడవిలో పట్టిన ఆడ ఏనుగునొకదాన్ని నవాబుగారు కొని ఆయన చేతికిచ్చి అప్పటికి ఏడాది.

"బేటా, ఏనుగు ఫోటో తియ్యాలె."

"దుకాణంలకు తోలుకొస్తవా చాచా? నా దగ్గర కుర్చీ ఒక్కటే ఉంది."

"మజాక్ నక్కో. ఇది ఇంకా అడవిదే, సాధు కాలే, కలప డిపోకు పంపుడే అంటున్నడు నవాబ్‌సాబ్. అయింది హుజూర్ అన్న. ఫోటోల కదలకుండ నిలబడితే నమ్ముత అన్నడు. కొట్టం వాసనకు ఆయన రాడు కద."

ఏనుగు పోతే ఆ దేవిడీలో ఆయనకు వేరే పని లేదు. అదొక్కటే కాదు, దాని మాటెత్తితే కళ్లు తడిసేవి. సొంత కొడుకుల సంగతి అడిగితే మాత్రం "ఉన్నరు తియ్యి" అనేవాడు.

కొట్టం ఇరుకు. వెనక్కి జరుగుదామంటే గోడ. అందుకని కార్వాన్‌లో పాత సామాన్ల దుకాణంలో కొన్న వెడల్పు లెన్సు పట్టుకెళ్లాను. మేడల ఫోటోలు తీసేది. దగ్గర నిలబడ్డా మేడ మొత్తం పట్టేస్తుంది. దాని గురించి నాకు తెలిసిందంతా అదే.

"గొలుసేది చాచా?"

"కట్టలే. గొలుసు కనబడితే ఇంకేం సాధు?"

స్టాండు నిలబెట్టి నల్లగుడ్డలో తల దూర్చాను. కెమెరా వెనక అద్దం మీద బొమ్మ తలకిందులుగా కనిపించడం మాకు అలవాటే. కానీ ఏనుగు పిల్లిపిల్లంతై, ఎక్కడో దూరాన బహదూర్‌పురాలో నిలబడ్డట్టుంది. ఈ లెన్సు పక్కనున్నదాన్ని కూడా దూరం చేసి చూపిస్తుందని నాకెవరు చెప్పారు? గుడ్డ తియ్యకుండానే స్టాండు ఎత్తుకుని రెండడుగులు వేశాను. ఇంకా దూరమే. మరో రెండు.

"బేటా..."

"ఉండు చాచా, ఇంకా మస్తు దూరముంది."

"అరే, రుకో!"

"ఏనుగు సంగతి నువ్వు చూస్కో, లెన్సు సంగతి నేను చూస్త."

మెడ మీద ఎవరో వెచ్చగా, తడిగా ఊపిరి వదిలారు. ఈ ముసలాయన గుడ్డలోకెందుకు దూరాడని చేత్తో తోశాను. చేతికి ముతక వెంట్రుకలు తగిలాయి. అవి గడ్డం వెంట్రుకలు కావు.

నాకొక చెడ్డ అలవాటు ఉండేది. పొద్దున రొట్టె, బెల్లం తిని చేతులు ఆ గుడ్డకే తుడుచుకునేవాణ్ణి. మా ఆవిడ ఎంత లొల్లి చేసినా ఉతకనివ్వలేదు. కొన్నేళ్ల బెల్లం అందులో ఇంకి ఉంది. ఏనుగు గుడ్డను నా టోపీతో సహా లాగేసింది. టోపీ కింద పడేసి, గుడ్డ కొస నోట్లో పెట్టుకుని, కళ్లు సగం మూసుకుని రాయిలా నిలబడిపోయింది.

పారిపోదామనుకున్నాను. కానీ మావటి నా వైపు చూస్తున్నాడు, పరీక్ష పాసైనవాళ్లలో కొడుకు పేరు చదువుతారా లేదా అని చూసే తండ్రిలా. స్టాండుతో రెండడుగులు వెనక్కి జరిగి, లెన్సుకు మూత పెట్టి, ఫోటో పడే గాజుపలక దూర్చి, మళ్లీ మూత తీశాను.

ఒకటి...

"హిల్‌నా నక్కో బేటీ, హిల్‌నా నక్కో..." మావటి దాన్ని కదలొద్దని బతిమాలుతూనే ఉన్నాడు. ఆయన్నీ ఆగమందామంటే నా నోరు లెక్కలో ఉంది.

సాయంత్రానికి ఫోటో కడిగాను. ముందు దేవిడీ స్తంభమంత తొండం, వెనక మేకంత ఏనుగు. తొండం మీది ఒక్కొక్క ముడతా లెక్కపెట్టొచ్చు, మూడు దాటి లెక్క వచ్చినవాళ్లు. పక్కన మావటి. మెడ దాకా మనిషి, ఆ పైన పొగ. కదలొద్దు కదలొద్దని తల ఊపింది ఆయనే.

మర్నాడు మధ్యాహ్నం మావటి దేవిడీ నుంచి నవ్వుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు.

"నవాబ్‌సాబ్ ఏమన్నడు చాచా?"

"ఏనుగు సాధే, ఉండనియ్యి అన్నడు. డిపోకు పంపాల్సింది మావటినే అని మస్తు నవ్విండు."

"బతికినం."

"ఇంకొకటి తియ్యి బేటా. ఈసారి నా మొహం గూడ పడాలె."

"తీస్త. ముందు నా గుడ్డ తెచ్చియ్యి."

ఆయన టోపీ సర్దుకుని, గొంతు తగ్గించాడు.

"అడిగిన బేటా. ఇస్తలేదు."