చెమట పట్టకముందు ఎత్తిన గుండు

మా ముత్తాత కొండప్ప శెట్టి ఆదోనికి వచ్చిననాడు ఆయనకున్న ఆస్తి ఆయన వీపొక్కటే. ఆ వీపు మీద పత్తి మూటలు మోసి, తరువాత నలుగురి చేత మోయించి, సొంత గోదాము కట్టినవాడాయన. ఆయన కొడుకు, మా తాత రుద్రప్ప శెట్టి, బజారులో నడిచి వస్తుంటే బండ్లవాళ్ళు ఎద్దులను పక్కకు లాగి నిలబడేవాళ్ళు. అలాంటి వంశంలో పుట్టిన నా మనవడు ఈ ఉదయం నుంచీ మంచం మీద బోర్లా పడి మూలుగుతున్నాడు. జిమ్ములో చేరి నెలైనా కాలేదు, ఎవడో స్నేహితుడు ఎత్తాడని తానూ అంత బరువూ ఎత్తి నడుం పట్టించుకున్నాడు. ఇల్లంతా నొప్పుల మందు ఘాటు.

"ఏం కాలేదులే తాతా, ఎల్లుండి మల్లా పోతా" అంటాడు.

నా తల నేనే బాదుకోవాలి. వీడికి మా ఆస్తిలో గజం నేల దక్కలేదు గాని, మా ఇంటి మూర్ఖత్వం మాత్రం ఎక్కడా చెక్కుచెదరకుండా దక్కింది. ఆ మందు వాసనలో కొంచెం వావిలాకు వాసన కూడా ఉంది. అదే నన్ను అరవై ఏళ్ళు వెనక్కి లాక్కుపోయింది.

నాకప్పుడు పదిహేను నిండాయి. మాఘమాసం వచ్చిందంటే ఆస్పరి వైపు నల్లరేగడి పల్లెల నుంచి పత్తి బండ్లు బారులు తీరి వచ్చేవి. పత్తి నలుసులు గాలిలో తేలి కనుబొమల మీద, గొంతులో, మంచినీళ్ళ కుండలో కూడా వాలేవి. పత్తిగింజల జిడ్డు వాసన, ఎద్దుల పేడ వాసన, వీధి మొగలో బొరుగుల ఉగ్గానిలోకి వేయించే మిరపకాయ బజ్జీల వాసన అన్నీ కలిసి, గోదాము గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఒకటే వాసనయ్యేవి. మధ్యాహ్నం హమాలీలు మూటల నీడన కూర్చుని జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి విప్పుకుని తినేవాళ్ళు. ఆ గుమ్మం పక్కనే ఉండేది మా గుండు. నల్లరాతి గుండు, రెండు చేతులా కావలించుకున్నా వేళ్ళు కలిసేవి కావు. ఎందరి చేతుల చమురో పట్టి, ఎండలో ఎనుము వీపులా నిగనిగలాడేది.

మా ఇంటి వారసుడు పదహారో ఏట ఉగాదినాడు, హమాలీలందరి ఎదుట, ఆ గుండును నేల నుంచి భుజం మీదికి ఎత్తాలి. మోసి పైకి వచ్చిన ఇల్లు కాబట్టి, మూట బరువు తెలియనివాడి మాట హమాలీ వినడని ముత్తాత పెట్టిన ఆచారమది. తాత ఎత్తాడు, మా నాయన ఎత్తాడు. నాయన నా పసితనంలోనే పోయాడు గనక, తాత తరువాత నేనే. నాకు పదహారో ఏట ఉగాది దగ్గరపడుతోంది.

నాకు సాధన చేయించడానికి తాత ఎమ్మిగనూరు నుంచి ఈరన్న వస్తాదును పిలిపించాడు. మగ్గాలవాళ్ళ ఇంట పుట్టి, కుస్తీలు పట్టి చెవులు చితికిపోయిన మనిషి. గోదాము వెనక ఎర్రమన్నులో నూనె, పసుపు, మజ్జిగ కలిపి ఆయన తయారుచేసిన గరిడీలో రోజూ పొద్దున్నే నా చేత దండీలు, బస్కీలు తీయించేవాడు. ఒళ్ళంతా చెమట కారితే తప్ప సాధనకు పెట్టిన చిన్న గుండును కూడా తాకనిచ్చేవాడు కాదు.

"పొద్దున్నే మన ఒళ్ళు పేరుకున్న నెయ్యప్పా. కాంచినాక యాడికి పొయ్యమంటే ఆడికి పోతాది. కాంచకుండా గెలికితే పెచ్చులూడుతాది" అనేవాడు.

తిన్న వెంటనే ఎత్తకూడదు. ఊపిరి బిగబట్టకూడదు. బరువు చేతుల్లో ఉండగా నడుం తిప్పకూడదు. నెలకింత అని పెంచుకుంటూ పోవాలే గాని ఒక్కసారి ఎగబాకకూడదు. "అలుపు యేరు, నొప్పి యేరు. అలుపొస్తే ఇంకొకటి తియ్యి. నొప్పొస్తే దించెయ్." ఇంత తేలికైన మాట మా ఇంట్లో ఒక్కరి చెవికీ ఎక్కలేదంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఉగాదికి పదిహేను రోజుల ముందు పొరుగూరి వ్యాపారులు నలుగురు వచ్చారు. నేను అప్పుడే ఉగ్గాని కడుపునిండా తిని, ఇస్త్రీ పంచె కట్టుకుని వాళ్ళ ముందుకు వచ్చాను. తాతకు ముచ్చట పుట్టింది.

"ఏదప్పా, మన గుండు మోకాలిదాకా ఎత్తు. సూస్తారు."

గరిడీలో మన్ను తవ్వుతున్న ఈరన్న ఆ మాట విని మట్టిచేతులతోనే పరుగెత్తుకొచ్చాడు. "ఇప్పుడొద్దు శెట్టీ. ఒళ్ళు కాగలేదు."

"మా ఇంట్లో పిల్లోళ్ళకి కాంచే పని లేదులేరా. పుట్టుకతోనే కాగింటారు" అన్నాడు తాత. వచ్చినవాళ్ళు నవ్వారు.

నేనూ నవ్వాను. నవ్వుతూనే వంగి ఎత్తాను. మోకాలిదాకా లేచింది. అంతటితో దించితే సరిపోయేది. అందరికీ కనబడాలని గుండుతో సహా నడుం తిప్పాను. కుడివైపు, పక్కటెముకల కింద, కాల్చిన ఊచ దూర్చినట్టయింది. ముఖం చెదరకుండా దించి, నిలబడి, నమస్కారం చేశాను. చిన్ననాటి నుంచి మాకు నేర్పిన విద్య అదొక్కటే.

లోపలి గదిలో ఈరన్న బొటనవేలితో నొక్కి చూశాడు. "మూడు వారాలు బరువు ముట్టుకోరాదు. రెండు దినాలు సల్లని తడిగుడ్డ ఎయ్యండి. మూడోనాటి నుంచి వావిలాకు కాపడం పెట్టండి. పడుకోబెట్టొద్దండి, రోంత రోంత నడిపించండి."

"ఉగాది పదిహేను దినాల్లో ఉంది" అన్నాడు తాత.

"ఉగాది ఏడాదేడాదీ వస్తాది శెట్టీ. నడుం మల్లా రాదు."

"నా మనవడికి నడుం పట్టిందని బజార్లో ఎవడన్నా అంటే నేను తలెట్ల ఎత్తుకోవాల?"

వావిలాకు కాస్తే వాసన వీధిదాకా పోతుందని దాన్ని ఇంట్లోకే రానివ్వలేదు. పైగా ఎవరికీ అనుమానం రాకూడదని నన్ను రోజూ గోదాముకు పంపి, గుమ్మం దగ్గర గంటల తరబడి నిటారుగా నిలబెట్టాడు. తొమ్మిదో రోజు హమాలీల మేస్త్రి నన్ను ఎగాదిగా చూసి, "ఏం సిన్న శెట్టీ, సొక్కా లోపల రోకలి ఏమన్నా పెట్టుకోనుండావా?" అన్నాడు. హమాలీలు విరగబడి నవ్వారు. లోపల కూర్చున్న తాత విన్నాడు. బయటికి వచ్చి, పక్కనున్న పత్తిమూట చూపించి, "ఎత్తి లోపలెయ్యి" అన్నాడు. ఎత్తాను. సగంలో నేల నా మీదికి లేచి వచ్చింది. అంతే తెలుసు.

ఆ సాయంత్రమే నన్ను బండిలో గడ్డి మీద పడుకోబెట్టి, పైన గుడ్డ కప్పి, ఎమ్మిగనూరులో ఈరన్న ఇంటికి చేరవేశారు. ఉగాదినాడు గుండు చుట్టూ చేరిన హమాలీలకు, నేను గూడూరుకు పత్తి బేరానికి పోయానని తాత చెప్పాడట. వాళ్ళలో నమ్మినవాడు ఒక్కడైనా ఉంటాడా?

ఈరన్న ఇంట్లో గుంతమగ్గాలు రెండు. పొద్దున లేచింది మొదలు ఆ టకటకల మధ్య ఒక మూల నా చాప. వారం తిరిగేసరికి లేచి ఎత్తి చూస్తానని నేను తొందరపడితే, ఆయన మగ్గం మీద తెగిన పోగు ఒకటి చూపించాడు. "ఇది తెగింది, అతికిస్తి. ఇప్పుడు గట్టిగా లాగు, మల్లా ఆడ్నే తెగుతాది. రోంత గంజి పట్టనియ్యి, ఆరనియ్యి, ఆనక నెయ్యి." మొదట వావిలాకు కాపడం, వీధి చివరిదాకా నడక, తరువాత చెంబుతో నీళ్ళు, తరువాత బిందె, తరువాత బస్కీలు. శ్రావణం వచ్చేదాకా చిన్న గుండు ఇవ్వలేదు.

ఆషాఢంలో ఒకరోజు మా అవ్వ చీరలు కొనే నెపంతో వచ్చింది. నువ్వులనూనె వేడిచేసుకుని నన్ను బోర్లా పడుకోమంది. ఎక్కడ నొప్పో నేను చెప్పకముందే ఆమె వేళ్ళు సరిగ్గా ఆ చోటికి పోయి ఆగాయి.

"ఎట్ల తెలిసెనవ్వా?"

"నలభై ఏండ్లాయ తోమబట్టి. మీ తాతది గూడా ఈడే" అంది.

తాత గుండు ఎత్తిన ఉగాదినాడే పట్టుకుందట. ఆ నాటి నుంచి ఆయన వంగలేడు. మధ్యాహ్నం భోజనం కాగానే తలుపు మూసి విశ్రాంతి తీసుకుంటాడని మేమనుకునేది, అవ్వ చేత నడుం తోమించుకోవడానికి. బజారంతా శెట్టి ఠీవి అని మెచ్చుకున్న ఆ నిటారు నడక, మానని నొప్పి. మా నాయనకూ అంతేనట. అన్నీ తెలిసిన మనిషి, మాన్పుకునే దారి చెప్పేవాడు ఎదురుగా నిలబడి మొత్తుకుంటుంటే, మనవణ్ణి కూడా అదే గుండు మీదికి తోశాడు! కోపంతో ఆ పూట నేను అన్నం ముట్టలేదు.

మరుసటి ఉగాదికి ఈరన్నతో కలిసి ఆదోనికి వచ్చాను. ఇంట్లో ఓళిగలు కాలుతున్న వాసన గోదాముదాకా వస్తోంది. గుండు ముందర, హమాలీలందరి ఎదుట, గోచీ బిగించి దండీలు, బస్కీలు మొదలుపెట్టాను. తాత ముఖం మాడిపోయింది.

"కూలోని మాదిరి అందరి ముందర సెమటలు కార్చి ఎత్తేదేందిరా? అదీ ఒక ఎత్తడమేనా?" అని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

ఒళ్ళు తడిసేదాకా ఆగాను. ఊపిరి వదులుతూ ఎత్తాను. మోకాలు, ఒడి, రొమ్ము, భుజం. నిదానంగా దించాను. హమాలీలు ఈలలు వేశారు. మేస్త్రి తన తలగుడ్డ విప్పి నా ముఖం తుడిచాడు. మా ఇంటివాళ్ళు ఒక్కరూ చూడలేదు. వారసుడు గుండు ఎత్తాడని తాత పోయేదాకా ఎవరితోనూ అనలేదు. ఈరన్నను ఆ వారమే పంపించేసి, గరిడీ పూడ్పించి, దాని మీద పత్తిగింజల బస్తాలు వేయించాడు.

ఇదంతా ఇప్పుడే మనవడికి చెప్పి, మూడు వారాలు జిమ్ము పేరెత్తవద్దన్నాను. వాడు ఫోన్లో నుంచి తల ఎత్తకుండా, "అంత పెద్ద గుండు యాడుంది తాతా ఇప్పుడు?" అన్నాడు.

మేస్త్రీ లేడు, ఎమ్మిగనూరులో ఆ మగ్గాలూ లేవు. గోదాము మా చేతులు దాటిపోయేనాడు, ఆ గుండు తీసుకుపొమ్మని కొన్నవాడు కబురు పెట్టాడు. ఆరోజు ఇంట్లో ముగ్గురం మగవాళ్ళం ఉన్నాం. ముగ్గురం పోయి, ఒక్కరమూ నడుం వంచకుండా, చూసి వచ్చాం. గోదాముతో పాటు గుండూ అమ్ముడుపోయింది.