నిదానం బావ లారీకి కొత్త క్రాసులు

మా అక్క మొగుణ్ణి వీధి వీధంతా నిదానం అని పిలుస్తుంది. అసలు పేరు చెప్పమంటే నేను కూడా కాసేపు తడుముకోవాలి. ఇల్లు అంటుకుందన్నా, "నిదానం, నిదానం" అంటూ ముందు చెప్పులు వెతుక్కునే రకం. నేనేమో మెకానిక్కుని. పానా చేతికందడం ఆలస్యమైతే పానాని కూడా తిడతాను. నా షెడ్డుకీ వాళ్లింటికీ మధ్య ఒక్క గోడే అడ్డం, కాబట్టి నా తిట్లన్నీ బావకి వినబడతాయి. ఏనాడూ పట్టించుకున్న పాపాన పోలేదు.

నిజం చెప్పాలంటే ఆ నిదానమే వాళ్లకి అన్నం పెడుతోంది. బావ లారీలో వెళ్లేది గాజు పలకలు. కిటికీలకీ, దుకాణాల తలుపులకీ వేసే పెద్ద పెద్ద అద్దాలు. వాటిని నిలబెట్టి, మధ్యన గోనెపట్టాలు కుక్కి, తాళ్లు బిగించి, రోడ్డు మీద గుంత కనబడితే పసిబిడ్డని పక్క మీద పడుకోబెట్టినట్టు చక్రం దించుతాడు. డ్రైవరైన దగ్గర్నించీ మొన్నటిదాకా ఒక్క పలక పగలలేదు. గాజు గోదాము యజమాని మిగతా లారీలు దించేటప్పుడు పక్కనే కాపలా ఉంటాడు, బావ లారీ వస్తే మాత్రం తల కూడా ఎత్తడు. ఆ మాట చెప్పేటప్పుడు బావ ముఖం చూడాలి, వెలిగిపోతుంది.

అలాంటివాడు ఒక పొద్దున్న నా షెడ్డుకొచ్చి, లారీ తాళాలు బల్ల మీద పెట్టాడు.

"ఇంక నడపను బామ్మర్దీ. నిన్న ఒక పలక పగిలింది."

"పగిలితే పగిలింది. గాజు కాక అదేమైనా ఇనుమా?"

"అది కాదురా. ఇటు చూడు."

చేతులు చాపాడు. వేళ్ల చివర్లు సన్నగా వణుకుతున్నాయి. అప్పుడు వెలిగింది నాకు. ఈమధ్య బావ టీ సగం గ్లాసే పొయ్యమంటున్నాడు. తన టీ నచ్చడం లేదేమోనని అక్క మూతి ముడుచుకుని తిరుగుతోంది. నిండు గ్లాసయితే తొణికి బల్ల మీద పడుతుందనీ, అది చూసి అక్క బెంగపెట్టుకుంటుందనీ ఈ మహానుభావుడు సగంతో సరిపెట్టుకుంటున్నాడన్నమాట. నా గుండె కలుక్కుమంది. నాకు గుండె కలుక్కుమంటే ముందొచ్చేది కోపమే.

"బండీ వణుకుతోంది, నేనూ వణుకుతున్నాను. ఇద్దరికీ వయసైపోయింది. గోదాములో వేరే మనిషిని చూసుకోమని చెప్పేస్తాను" అన్నాడు.

"బండి వణుకుతోందా? ఇంట్లో మెకానిక్కుని పెట్టుకుని నాకెందుకు చెప్పలేదు?"

"నీకు పనెక్కువ కదా అని..."

అరికాలి మంట నెత్తికెక్కింది. వెళ్లి, చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, గేరు న్యూట్రల్లో వేసి లారీ కిందికి దూరాను. గేరుబాక్సు తిరుగుడుని వెనక చక్రాలకి అందించే పొడుగాటి షాఫ్టు ఉంటుంది. దాని రెండు చివర్లా కూడిక గుర్తులాంటి క్రాసులుంటాయి. షాఫ్టు వంగుతూ కూడా తిరగగలిగేది వాటి పుణ్యమే. షాఫ్టు పట్టుకుని కుదిపితే రెండు చివర్లా టక్కుటక్కుమంది. క్రాసు కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి. లోపలి సూదుల్లాంటి బేరింగులు ఎండి అరిగిపోయాయి. సీలు రకం క్రాసులు, పైనుంచి గ్రీజు పెట్టే దారే లేదు.

కింద నుంచే అరిచాను. "రోజంతా ఈ కుదుపు మీద కూర్చుంటే గోడకైనా వణుకొస్తుంది! ముందు ఇవి మారుద్దాం. అప్పటికీ నీ చెయ్యి వణికితే గోదాముకి నేనే వచ్చి చెబుతాను."

"నిదానం బామ్మర్దీ."

"నీ నిదానం తగలెయ్య! ఆ సుద్దముక్క ఇలా ఇయ్యి."

సుద్ద ఎందుకంటే, షాఫ్టు రెండు ముక్కలు, ఒకదాన్లోకి ఒకటి పళ్ల మీద జారుతుంది. రెండు చివర్లలో క్రాసుల్ని పట్టుకునే కొమ్ములు ఒకే వరసలో ఉండాలి. ముక్కలు విడిపోతే కలిపేటప్పుడు వరస తప్పకుండా ఉండాలని, రెండింటి మీదుగా ఒక గీత గీసుకున్నాను. షాఫ్టు దించి, పాత క్రాసులు ఊడదీసి గుడ్డలో చుట్టుకుని ఇద్దరం విడిభాగాల దుకాణానికి బయల్దేరాం.

దుకాణదారు లారీ రకం వినగానే ఒక డబ్బా తీసి ముందు పెట్టాడు. చూడ్డానికి అచ్చు అదే. నేను జేబులో పెట్టేసుకునేవాణ్ణే. బావ మాత్రం పాత కప్పునీ కొత్త కప్పునీ పక్కపక్కన నిలబెట్టి, ఒక కన్ను మూసి చూశాడు.

"ఇది వెంట్రుకవాసి పెద్దది."

"సుత్తితో రెండు దెబ్బలేస్తే అదే పడుతుందండీ" అన్నాడు దుకాణదారు.

"దెబ్బలేస్తే కొమ్ము పగులుతుంది. నిదానంగా వెతకండి."

కొలిచి చూస్తే బావ మాటే నిజం. దుకాణమంతా తిరగేస్తే సరిపోయేవి దొరికాయి, సీలువి ఒక జత, పైనుంచి గ్రీజెక్కించే నిపిళ్లు ఉన్నవి ఒక జత. సీలు రకమైతే తలనొప్పి ఉండదన్నాడు దుకాణదారు. "ఆ తలనొప్పి నాక్కావాలి" అని బావ నిపిళ్లు ఉన్నవే తీసుకున్నాడు. నేను నవ్వాపుకోలేకపోయాను. లారీ నడపనన్న మనిషి రోజూ గ్రీజు పెట్టే పని కొనుక్కుంటున్నాడు!

తిరిగొచ్చేసరికి షాఫ్టు తళతళలాడుతోంది. మా అక్కకి మురికి కనబడితే నిద్రపట్టదు. కిరసనాయిలు పెట్టి తోమేసింది. మెచ్చుకుని పనిలో పడ్డాను. ఒక్క సూది అడ్డంగా పడినా కప్పు చివరిదాకా పోదు, కాబట్టి సూదులన్నీ గ్రీజులో వరసగా నిలబెట్టి, కప్పుల్ని బల్లకి బిగించిన వైసు దవడల మధ్య నొక్కి, లాకులు బిగించాను. క్రాసులు వేలితో నెడితే చాలు, హాయిగా ఊగుతున్నాయి. నిపిళ్లు గ్రీజుగన్ను అందేవైపే పెట్టాను. షాఫ్టు ఎక్కించాను.

"ఒక్కసారి అంతా చూసుకుందాంరా" అన్నాడు బావ.

"చూసింది చాలు, ఎక్కు!"

వీధి చివరిదాకా కూడా వెళ్లలేదు. లారీ గడగడలాడిపోయింది. ఇంతకుముందు వణుకు, ఇప్పుడు భూకంపం. పక్కన కూర్చున్న నేను తలుపు పట్టుకుని వేలాడాను. బావ ఎలాగో వెనక్కి తెచ్చి ఇంటి ముందు ఆపాడు. ఇంజను కట్టేసి, స్టీరింగు మీద ఒకసారి చెయ్యేసి నిమిరాడు. "పాపం, దీన్నింక బాధపెట్టొద్దు" అని దిగి, గోదాము వైపు నడక మొదలెట్టాడు.

నేను మళ్లీ కిందికి దూరాను. ముందు కొమ్ములు ఒక వరసలో, వెనక కొమ్ములు ఇంకో వరసలో. నా సుద్ద గీత కోసం చూస్తే, గీతేదీ?

"అక్కా! షాఫ్టు మీద తెల్లగీత ఏమైంది?"

"మరక అనుకున్నానురా. జిడ్డులో ఇంకిపోయి ఎంతకీ పోలేదు, గీకి గీకి వదలగొట్టాను" అంది గొప్పగా. "లోపల కూడా మురికుందని లాగి విడదీసి తుడిచి, మళ్లీ దూర్చాను. ఏం, ఇంకా మురికుందా?"

నెత్తి కొట్టుకున్నాను. ఆ వెంటనే పడీపడీ నవ్వాను. నవ్వుతూనే రోడ్డు మీదికి పరిగెత్తాను. ఇంకొకరైతే ఈపాటికి గోదాములో రాజీనామా ఇచ్చి టీ కూడా తాగేసేవాళ్లు. మా బావ ఇంకా వీధి మలుపు కూడా దాటలేదు. ఆ నిదానానికి జీవితంలో మొదటిసారి దణ్ణం పెట్టుకుని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

ఈసారి వరస బావే కలిపాడు, ఒక కన్ను మూసి, తన తీరులో. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. లారీ కదిలింది, వేగం అందుకుంది. కింద షాఫ్టు తిరుగుతోందో లేదో తెలియనంత మెత్తగా పోతోంది. "ఒరేయ్..." అంటూ బావ నా భుజం తట్టాడు.

మర్నాటి నుంచి మళ్లీ గాజు లోడు ఎత్తాడు. చేతుల మాట నేను అడగలేదు, అతను చెప్పలేదు. లోలోపల మాత్రం హడలి చస్తున్నాను. వారం తిరిగాక ఒక సాయంత్రం గోదాము నుంచి వచ్చి, చేతులు కడుక్కుని బల్ల దగ్గర కూర్చున్నాడు. అక్క అలవాటు కొద్దీ సగం గ్లాసు పోసి ఆపింది.

"నిండా పొయ్యవే" అన్నాడు.

అంచుదాకా పోసింది. బావ గ్లాసెత్తి, మా ఇద్దర్నీ చూస్తూ, నిదానంగా తాగి కింద పెట్టాడు. సంతోషం పట్టలేక నాకు కళ్లనీళ్లు తిరిగాయి. అక్క గుడ్డ తీసుకుని బల్ల తుడవబోయింది. తుడవడానికి అక్కడ చుక్క కూడా లేదు.